చెనిక్కాయ విత్తనం: మార్కులు వేసింది రైతులే

పావగడ, హోసూరు వైపు మన ఇళ్లలో చెనిక్కాయ అంటాం, పాఠ్యపుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది. పేరు ఏదైనా, ఈ మెట్ట పొలాల్లో దశాబ్దాలపాటు ఎక్కువగా పడిన విత్తనం టీఎంవీ 2. తమిళనాడులోని తిండివనం పరిశోధన కేంద్రం 1940లో ఇచ్చిన రకమిది. తర్వాత ఎన్ని కొత్త రకాలు వచ్చినా అనంతపురం రైతు చాలాకాలం దాన్ని వదల్లేదు. అది మొండితనమని తేల్చేయడం సులువే. కానీ కొత్త రకాలు నెగ్గింది ఎక్కడ? వేళకు తడి, ఎరువు అందే పరిశోధన మడుల్లో. రైతుకున్నవి ఎర్రనేల, ఎప్పుడొస్తుందో తెలియని వాన.

2002 ప్రాంతంలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పద్ధతి మార్చారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం, స్థానిక స్వచ్ఛంద సంస్థలతో కలిసి కొన్ని రకాలను అనంతపురం జిల్లా రైతుల పొలాల్లోనే, పాత టీఎంవీ 2 పక్కనే వేయించారు. సేద్యం రైతు పద్ధతిలోనే సాగింది. పంట పీకాక మార్కులు వేసిందీ రైతులే. వాళ్లు మెచ్చినది ఐసీజీవీ 91114. సుమారు 95 రోజుల్లో పీకుడుకు వస్తుంది, నడుమ బెట్ట వచ్చినా కొంత తట్టుకుంటుంది.

ఇక్కడ గమనించాల్సింది రైతు దేన్ని చూసి మార్కులు వేశాడన్నది. శాస్త్రవేత్త తూచేది ముఖ్యంగా కాయనే. రైతు కట్టెను కూడా చూస్తాడు. వాన మొహం చాటేసిన ఏడు కాయ దక్కకపోయినా, ఆ ఎండు మేతే ఇంట్లో ఆవునో బర్రెనో నిలబెడుతుంది. ఈ రకం కట్టె మేసిన పశువులు పాలు ఎక్కువిచ్చాయని తర్వాతి పరిశీలనల్లోనూ తేలింది. కాయ ఒలిచేది చాలాచోట్ల ఆడవాళ్లే కాబట్టి, ఏ గింజ నిండుగా ఉందో వాళ్ల వేళ్లకే ముందు తెలుస్తుంది. మడి దగ్గర నిలబడి రాసుకునే లెక్కలో ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి?

2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ రకం విడుదలైంది. కర్ణాటకకూ వెళ్లింది, ఒడిశాలో ‘దేవి’ పేరుతో సాగులోకి వచ్చింది.

అయినా టీఎంవీ 2 వెంటనే పోలేదు. చిక్కు విత్తనం దగ్గరుంది. వరి గింజ ఒక్క పంటకే ఎన్నో రెట్లవుతుంది. చెనిక్కాయ మెట్టలో పదింతలు కావడమూ కష్టమే, పైగా ఎకరాకు దాదాపు 60 కిలోల గింజలు కావాలి. అందుకే పెద్ద కంపెనీలకు దీనిపై అంత ఆసక్తి ఉండదు. రకాన్ని ఎంచుకోవడంలో రైతును కలుపుకున్నవాళ్లు, విత్తనం పెంచి పంచడంలోనూ ఊరి రైతు సంఘాలకు అంతే అండగా నిలవాలి. నా దృష్టిలో మిగిలిన పని అదే.

చెనిక్కాయ పండే ఊళ్లలోని మన బడులు ఈ పద్ధతిని చిన్నగా చేసి చూడొచ్చు. బడి పెరట్లో రెండే సాళ్లు చాలు. ఒకదానిలో ఊరి విత్తనం, రెండోదానిలో కొత్త రకం, ఒకే రోజున వేయాలి. వాన పడిన రోజులు పిల్లలు రాసుకోవాలి. పీకాక కాయనూ కట్టెనూ విడివిడిగా తూచాలి. మార్కులు వేయడానికి తల్లిదండ్రుల్ని పిలవండి, వాళ్లు ఏ మాటలతో మంచిచెడ్డలు చెప్పారో ఆ మాటల్లోనే తెలుగు నోటుబుక్కులోకి ఎక్కించండి.