పంపిందెంత, తిరిగొచ్చిందెంత?

కెనడాలోని అల్బర్టాలో నూనె ఇసుక పొరలోకి ఒకదాని మీద ఒకటిగా రెండు బావులను అడ్డంగా తొలిచి, పై బావిలోకి ఆవిరి పంపి, కరిగి కిందికి జారిన బిటుమెన్‌ను కింది బావి నుంచి తోడుకునే పద్ధతి పాఠకులకు తెలిసిందే. ఇంపీరియల్ ఆయిల్‌లో పనిచేసిన రోజర్ బట్లర్ ఊహించిన ఈ ఏర్పాటుకు ఇసుక పొరలో కదిలే భాగం ఒక్కటీ లేదు. అక్కడ పనిచేసేది వేడి, గురుత్వాకర్షణ మాత్రమే. దాని లోపమూ తెలిసిందే: ఒక బ్యారెల్ బిటుమెన్ కోసం సుమారు మూడు బ్యారెళ్ల నీటిని ఆవిరి చేయాలి, అందుకు సహజవాయువును మండించాలి. ఆ ఆవిరికి బదులుగానో తోడుగానో ప్రొపేన్, బ్యూటేన్ వంటి ద్రావణులను పంపితే మంట చాలావరకు తగ్గుతుంది. శాస్త్రం దృష్టిలో ఇది ముచ్చటైన పరిష్కారం. అయితే ఆవిరిని అదుపు చేయడానికి పుట్టిన నిబంధనలకు ద్రావణిని అప్పగిస్తే సరిపోదు. లోపలికి పంపిన ద్రావణిలో ఎంత తిరిగొచ్చిందన్న లెక్కే ఈ సాంకేతికతపై నియంత్రణకు మూలస్తంభం కావాలన్నది నా వాదన. ఎందుకో తెలియాలంటే ముందు నేల లోపల జరిగే పనిని దగ్గరగా చూడాలి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ప్రయోగశాలలో జరిగింది. కాల్గరీ విశ్వవిద్యాలయంలో బట్లర్, మోక్రిస్ కలిసి, సన్నని సందుతో నిలబెట్టిన రెండు పలకల మధ్య బిటుమెన్ నింపి, దాని పక్కన టోలూయీన్ అనే ద్రావణిని ఉంచారు. 1989లో ప్రచురితమైన ఆ పరిశోధన ఉద్దేశం ఆవిరి పద్ధతిని అర్థం చేసుకోవడమే. టోలూయీన్ అక్కడ వేడికి ప్రతినిధి. వేడి బిటుమెన్‌లోకి పాకి దాని స్నిగ్ధతను ఎలా తగ్గిస్తుందో, ద్రావణి అణువులు కూడా అలాగే పాకి తగ్గిస్తాయి. రెండింటి గణితం ఒకే తీరు. అలా నమూనాగా వచ్చిన ద్రావణి కొద్దికాలానికే వేడికి పోటీదారైంది. బిటుమెన్‌ను పలచబరచడమే కావాలంటే ఆవిరే ఎందుకు, ద్రావణి వాయువును పంపవచ్చు కదా అని 1991లో వాళ్లిద్దరూ వేపెక్స్ పద్ధతిని ప్రతిపాదించారు.

అయితే అదే గణితం ఈ ఆశకు అడ్డం తిరిగింది. నూనె ఇసుకలో వేడి వ్యాపించే గుణకంతో పోలిస్తే బిటుమెన్‌లో ద్రావణి వ్యాపన గుణకం సుమారు వెయ్యో వంతు. బట్లర్ సిద్ధాంతం ప్రకారం బిటుమెన్ జారే వేగం ఈ గుణకపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. వెయ్యికి వర్గమూలం సుమారు 32. అంటే మిగతావన్నీ సమానమనుకుంటే, చల్లని ద్రావణి ముప్ఫై రెట్లు నిదానం. బావులు తొలిచిన కంపెనీ అంతకాలం కాచుకుని కూర్చోలేదు. దీనికి విరుగుడు ద్రావణిని గోరువెచ్చగా పంపడం. జాన్ నెన్నిగర్ ఎన్‌సాల్వ్ పద్ధతి కిటుకు ఇదే. వేడి బ్యూటేన్ ఆవిరి బిటుమెన్ గోడను తాకి ద్రవంగా మారుతుంది, మారుతూ తన గుప్తోష్ణాన్ని అక్కడే వదులుతుంది. ఆ వేడికి గోడ కాస్త మెత్తబడుతుంది, మెత్తబడిన గోడలోకి ద్రావణి మరింత చురుగ్గా దూరుతుంది. ఒకే అణువు ముందు వేడిని అందించి, ఆ తర్వాత తనే కరిగిస్తుంది. బ్యూటేన్ గుప్తోష్ణం నీటి గుప్తోష్ణంలో సుమారు ఆరో వంతే. కానీ ఇసుకను 200 డిగ్రీలు దాటించే పని లేదు, 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంచితే చాలు. దీనికి శత్రువు మీథేన్. బిటుమెన్ నుంచి విడుదలైన మీథేన్ ఆ ఉష్ణోగ్రత దగ్గర ద్రవం కాదు. గోడ ముందు పేరుకుని, వెనక వచ్చే బ్యూటేన్‌ను గోడను తాకనివ్వదు. అందుకే తిరిగొచ్చిన ద్రావణిని ఉపరితలంలో శుద్ధిచేసి, మీథేన్ తీసేశాకే మళ్లీ లోపలికి పంపాలి. ఆవిరిలో కొద్దిగా ద్రావణి కలిపే పద్ధతిలోనూ ఇలాంటి నేర్పే ఉంది. గోడ వైపు సాగుతూ చల్లబడే మిశ్రమంలో మొదట నీరే ఎక్కువగా ద్రవమవుతుంది, మిగిలిన వాయువులో ద్రావణి పాలు పెరుగుతూ పోతుంది. చివరికి అసలు పని ఉన్న చోటే, బిటుమెన్ అంచున, ద్రావణి దట్టంగా చేరుతుంది.

తర్వాతి చరిత్రను త్వరగా చెప్పేయవచ్చు. కోల్డ్ లేక్ దగ్గర ఇంపీరియల్ సంస్థ 2002లో ఆవిరికి తేలికపాటి హైడ్రోకార్బన్ ద్రవం కలిపి చూసింది. 2014లో ఎన్‌సాల్వ్ క్షేత్ర ప్రయోగం మొదలైంది. 2024లో కోల్డ్ లేక్‌లోనే గ్రాండ్ రాపిడ్స్ పథకం ద్రావణి కలిపిన ఆవిరితో వాణిజ్య స్థాయిలో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడ అంతవరకు వాడిన ఆవిరి పద్ధతితో పోలిస్తే బ్యారెల్‌కు ఉద్గారాలు 40 శాతం వరకు తగ్గుతాయన్నది సంస్థ అంచనా.

ఇక నిబంధనల సంగతి. అల్బర్టా నియంత్రణ ఆవిరి వెంటే పెరిగింది, దెబ్బలు తిని నేర్చుకుంది. 2006 మే నెలలో జోస్లిన్ క్రీక్ దగ్గర లోతు తక్కువగా ఉన్న పొరలోంచి ఆవిరి పైకప్పు రాయిని ఛేదించుకుని నేల మీదికి చిమ్మి పెద్ద గుంత చేసింది. ఆ అనుభవమూ వెనక ఉండబట్టే లోతు తక్కువ ప్రాంతాలకు అల్బర్టా ఎనర్జీ రెగ్యులేటర్ 2016లో ఆదేశం 086 తెచ్చింది. పైకప్పు రాయి పగుళ్లు మూసుకునే పీడనంలో 80 శాతానికి మించి పీడనం పెట్టకూడదన్నది అందులో ముఖ్యమైన పరిమితి. ఎంత నీరు పారబోస్తున్నారన్నదానికి ఆదేశం 081 ఉంది. ఒక బ్యారెల్ బిటుమెన్‌కు ఎంత ఆవిరి ఖర్చయిందన్న నిష్పత్తిని ఏటా పనితీరు నివేదికల్లో ఎవరైనా చూడవచ్చు. ఇవన్నీ మంచి నిబంధనలే. కానీ వీటి వెనక ఒక ఊహ ఉంది: లోపలికి పోయేది నీరు, అది లోపల మిగిలినా నీరే. ద్రావణి విషయంలో ఆ ఊహ చెల్లదు. లోపల మిగిలిన ప్రొపేన్ ఒక సరుకు, ఒక ఇంధనం, పైగా కదిలే వాయువు.

మన వరి జిల్లాల్లో తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంటును తలుచుకుంటే తేడా స్పష్టమవుతుంది. అక్కడా చేసేది ఇదే పని: హెక్సేన్ పోసి నూనెను కరిగించుకోవడం, హెక్సేన్‌ను ఆవిరి చేసి వెనక్కి రాబట్టుకోవడం. టన్ను తవుడుకు ఎన్ని కిలోల హెక్సేన్ పోయిందన్నది ప్లాంటులో రోజూ చూసుకునే అంకె. ఈ పరిశ్రమకు 1967లోనే ప్రత్యేక నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. అక్కడ పాత్ర ఉక్కుది, ఎక్కడ కారుతుందో వెతికి బిగించవచ్చు. అల్బర్టాలో పాత్ర భూమే. దానికి వాల్వులు లేవు, తెరిచి చూడలేం. చూడలేని పాత్రకు లెక్క మరింత గట్టిగా ఉండాలి.

దీనికి మొదటి అభ్యంతరం కంపెనీల నుంచి వస్తుంది, అందులో బలం ఉంది. ద్రావణి ఖరీదైనది, దాన్ని పోగొట్టుకోవాలని ఎవరూ అనుకోరు, కాబట్టి లాభాపేక్షే కాపలా కాస్తుందంటారు. బావి వయసులో ఉన్నంతకాలం ఇది నిజమే. ముసలిదయ్యాక లెక్క మారుతుంది. పీడనం తగ్గించి చివరి ద్రావణిని రాబట్టడానికి కంప్రెసర్లకు, కాలానికి అయ్యే ఖర్చు ఏదో ఒకరోజు ఆ ద్రావణి ధరను దాటుతుంది. కంపెనీ ఆసక్తి అక్కడ ఆగిపోతుంది. పొరలో మిగిలిన వాయువు మాత్రం అక్కడితో ఆగదు, దాని పైన జనం వాడుకునే భూగర్భ జలాల పొరలూ ఉండవచ్చు. నియంత్రణ సంస్థ పని మొదలవ్వాల్సింది సరిగ్గా ఆ రోజునే.

కోట్ల ఏళ్లుగా నూనె ఉన్న చోట మరికొంత హైడ్రోకార్బన్ మిగిలితే కొంప మునిగేదేముంది అన్నది రెండో అభ్యంతరం. బిటుమెన్ అన్నేళ్లు అక్కడే ఉండటానికి కారణం అది కదలలేకపోవడం. ప్రొపేన్ పైకి లేస్తుంది. అలాగని అన్ని ద్రావణులనూ ఒకే గాట కట్టడమూ అన్యాయమే. ప్రొపేన్‌కు విషగుణం తక్కువ. కండెన్సేట్ అనే తేలికపాటి హైడ్రోకార్బన్ ద్రవంలో బెంజీన్ ఉండవచ్చు, అది నీటిలో కొంత కరుగుతుంది. పరిమితులు ద్రావణిని బట్టి వేర్వేరుగా ఉండాలి.

మూడోది కొలతకు సంబంధించింది. తిరిగొచ్చింది మనం పంపిన ద్రావణా, నేలలో ముందే ఉన్నదా అని ఎలా తేల్చాలి? ప్రొపేన్, బ్యూటేన్‌ల విషయంలో ఇది సులువు. ఆ బిటుమెన్‌లో అవి సహజంగా ఉండేది అత్యల్పం, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో వాటి శిఖరాలు విడిగా కనిపిస్తాయి. కండెన్సేట్‌తోనే చిక్కు. ప్లాంటులో నీటి నుంచి బిటుమెన్‌ను వేరుచేయడానికి, పైపులో పారించడానికి కూడా అలాంటి తేలికపాటి ద్రవాన్నే కలుపుతారు. కలిపాక కొలిస్తే ఏది నేల నుంచి వచ్చిందో, ఏది ట్యాంకు నుంచి వచ్చిందో తెలియదు. కాబట్టి నమూనా తీయాల్సింది బావుల గట్టు మీదున్న సెపరేటర్ దగ్గర, ఏదీ కలవకముందు. ఈ ఒక్క నియమం రాయల్టీ లెక్కకూ పనికొస్తుంది: తిరిగొచ్చిన ద్రావణి బిటుమెన్ ఉత్పత్తిగా చెలామణి కాదు.

కఠినంగా ఉంటే ప్రయోగాలు ఆగిపోతాయని, ఉద్గారాలు తగ్గించే దారి మూసుకుపోతుందని భయపడేవారికి నా జవాబు ఇది. ప్రయోగ పథకాల వివరాలను కొంతకాలం గోప్యంగా ఉంచుకునే వీలు అల్బర్టాలో ఇప్పటికే ఉంది, దాన్ని అలాగే ఉంచవచ్చు. వాణిజ్య ఉత్పత్తికి దిగాక ఆ వెసులుబాటుకు అర్థం లేదు. పైగా ఉద్గారాల లెక్క కూడా ద్రావణి ఎంత తిరిగొచ్చిందన్న నిష్పత్తి లేకుండా పూర్తికాదు. నేలలో పోయిన ప్రతి టన్ను ద్రావణినీ ఎక్కడో ఒక గ్యాస్ ప్లాంటులో శక్తి ఖర్చుపెట్టి వేరుచేశారు, దాని స్థానంలో మరో టన్ను తయారు చేయాలి. ద్రావణి తిరిగిరాకపోతే తగ్గాయన్న ఉద్గారాల్లో కొంత వేరేచోట పెరిగినట్టే. అందువల్ల ఆవిరి నిష్పత్తి పక్కనే ద్రావణి తిరిగొచ్చిన శాతాన్ని ప్రతి వాణిజ్య పథకం ఏటా బహిరంగంగా ప్రకటించాలి. నిర్ణయించిన శాతం రాబట్టేదాకా బావి మూతకు అనుమతి ఇవ్వకూడదు.