స్ట్రింగ్ ఎక్కడ ఆగుతుంది?

"సార్, ఆటగాడి పేరు రవి అయితే నా స్క్రిప్ట్ సరిగ్గా చూపిస్తోంది. సత్యనారాయణమూర్తి అయితే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. అడ్రసు అదే, కోడూ అదే!"

ఒక గేముకి లువా భాషలో మాడ్ రాసుకుంటున్న విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. అడ్రసు తప్పయి ఉంటుందని క్లాసులో నలుగురూ అన్నారు. అడ్రసే తప్పయితే రవి కూడా రాకూడదు కదా! దీని జవాబు వెతుక్కుంటూ వెళ్తే, ప్రోగ్రామింగ్ భాషల మధ్య అర్ధశతాబ్దానికి పైగా నలుగుతున్న ఒక తగువు దగ్గర తేలతాం. నాకు ఎంతో ఇష్టమైన తగువు అది.

మెమరీలో అక్షరాలుండవు, బైట్లుంటాయి. 52 61 76 69 అని హెక్సాలో నాలుగు బైట్లు వరసగా కనిపించాయనుకోండి. అవి ఇంగ్లీషులో రాసిన రవి పేరు కావచ్చు, ఏదో పెద్ద సంఖ్య కావచ్చు, మెమరీలోనే ఇంకో చోటి అడ్రసూ కావచ్చు. ఏమిటన్నది చదివే ప్రోగ్రామే తేల్చుకోవాలి. పైగా, స్ట్రింగ్ ఎక్కడ మొదలవుతుందో అడ్రసు చెబుతుంది గానీ, ఎక్కడ ఆగుతుందో చెప్పదు. తగువంతా ఆ ఆగే చోటు గురించే.

1967లో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ భాష స్ట్రింగ్ పొడవెంతో ముందే రాసిపెట్టుకునేది. దాన్నుంచి పుట్టిన బి భాషలో కెన్ థాంప్సన్ ఆ లెక్క తీసేసి, చివర ఒక ముగింపు గుర్తు పెట్టారు. తర్వాత డెన్నిస్ రిచీ సి భాషలో ఆ గుర్తు సున్నా బైటు అయింది. లెక్క ఎందుకు తీసేశారంటే, దానికి ఇచ్చిన చిన్న జాగాలో పెద్ద పొడవులు పట్టవు, స్ట్రింగ్ మారినప్పుడల్లా లెక్క సరిచేస్తూ కూర్చోవడమూ చిరాకే. పాస్కల్ భాషను వాడేవాళ్లలో చాలామంది మాత్రం లెక్కనే నమ్ముకున్నారు. దాని కోసం 255 అక్షరాల హద్దును కూడా భరించారు.

సున్నా బైటు పద్ధతిలో లాభం తెలుస్తూనే ఉంది: ఒక్క బైటు ఖర్చు, ఎంత పొడవైనా సరే. నష్టం ఏమిటంటే, పొడవు కావాలన్నప్పుడల్లా సున్నా తగిలేదాకా మొదటి నుంచి నడవాలి. ఈ నడక ఎంత భారమో 2021లో జీటీఏ ఆన్‌లైన్ ఆట చూపించింది. ఆట మొదలవడానికి కొందరికి ఆరేసి నిమిషాలు పట్టేది. ఒక ప్రోగ్రామర్ ఆటను బయటి నుంచే విప్పి చూశాడు. దాదాపు 10 మెగాబైట్ల జేసన్ స్ట్రింగ్‌లో సుమారు 63,000 వస్తువుల వివరాలున్నాయి. అందులోంచి ఒక్కో ముక్క చదివినప్పుడల్లా, మిగిలిన స్ట్రింగ్ పొడవెంతో చివరిదాకా నడిచి మళ్లీ కొలుస్తోంది ఆట!

అతను చేసిన మరమ్మతు చూస్తే ముచ్చటేస్తుంది. పొడవు కొలిచే ఫంక్షన్‌కి అడ్డంగా తన కోడ్ పెట్టాడు. పెద్ద స్ట్రింగ్ మొదటిసారి రాగానే దాని మొదలు అడ్రసు, పొడవు గుర్తుపెట్టుకుంటాడు. తర్వాత అదే స్ట్రింగ్ మధ్యలోని అడ్రసుతో పిలుపు వస్తే నడక లేదు, ఒక్క తీసివేతతో జవాబు. అంటే సి భాష స్ట్రింగ్‌కి బయటి నుంచి ఒక లెక్క తగిలించాడన్నమాట. దీంతోపాటు వస్తువుల జాబితాను వెతికే ఇంకో లోపాన్నీ సరిచేస్తే ఆరు నిమిషాలు రెండు నిమిషాల లోపుకి దిగాయి. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ ఆ పరిష్కారాన్ని ఒప్పుకుని, అతనికి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఇక సత్యనారాయణమూర్తి సంగతి. సి++ భాష రెండు పక్షాలనీ కలిపింది: లెక్కా ఉంటుంది, చివర సున్నా కూడా ఉంటుంది. దాంతోపాటు ఇంకో ఉపాయం కూడా చేర్చారు. మైక్రోసాఫ్ట్ విజువల్ సి++తో తయారైన 32 బిట్ గేముల్లో స్ట్రింగ్ వస్తువుకి ముందు 16 బైట్ల సొంత జాగా ఉంటుంది. తర్వాతి నాలుగు బైట్లు పొడవు, ఆ తర్వాతి నాలుగు పట్టే సామర్థ్యం. పేరు 15 అక్షరాల లోపైతే అక్కడే ఉంటుంది. రవి అలాగే దొరికాడు: 52 61 76 69 00. పేరు అంతకు మించితే, ఇల్లు మారినవాళ్లు పాత గుమ్మానికి కొత్త చిరునామా చీటీ అంటించి వెళ్లినట్టు, ఆ జాగా మొదట్లో వేరే చోటి అడ్రసు మాత్రం మిగులుతుంది. ఇంగ్లీషులో సత్యనారాయణమూర్తి 19 అక్షరాలు. అక్కడ ఉన్నది, ఉదాహరణకు, 80 19 34 02. కుడి నుంచి ఎడమకి చదివితే 02341980 అనే అడ్రసు. స్క్రిప్ట్ దాన్నే పేరనుకుని చదివితే ఒక యూరో గుర్తు, ఒక 4, మధ్యలో కంటికి కనబడని గుర్తులు వస్తాయి.

మందు రెండు వరసలే. ముందు సామర్థ్యం చూడాలి. 15 ఉంటే అక్కడే చదవాలి, అంతకన్నా ఎక్కువుంటే (19 అక్షరాల పేరుకి 31 ఉంటుంది) మొదటి నాలుగు బైట్లను అడ్రసుగా తీసుకుని అక్కడికెళ్లి చదవాలి. మా విద్యార్థి స్క్రిప్ట్‌కి కావలసింది అంతే.

అక్షరాలు ఎలా రాశారన్నదీ చూసుకోవాలి. ఎంత పెద్ద పేరైనా మొదటి అక్షరం ఒక్కటే కనిపిస్తుంటే అది యూటీఎఫ్-16 అనుకోవచ్చు. అందులో ఇంగ్లీషు అక్షరం ప్రతిదాని పక్కనా ఒక సున్నా బైటు ఉంటుంది కాబట్టి, చదివే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. యూటీఎఫ్-8లో ఆ బాధ లేదు గానీ తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి మూడేసి బైట్లు. తెలుగులో రాసిన సత్యనారాయణమూర్తికి 48 బైట్లు కావాలి. స్క్రిప్ట్‌లో 32 బైట్లు చదవమని రాస్తే "సత్యనారాయణ" వరకూ 30 బైట్లలో చక్కగా వచ్చి, "మ"కి రెండు బైట్లే చిక్కి, చివర విరిగిన గుర్తు పడుతుంది. లువా స్ట్రింగ్ పొడవును తన దగ్గరే ఉంచుకుంటుంది, మధ్యలో సున్నా వచ్చినా తడబడదు. అయినా గేము మెమరీ లువాది కాదు కాబట్టి, ఎన్ని బైట్లు చదవాలో మనమే సరిగ్గా చెప్పాలి.

అడ్రసుల చిక్కులు త్వరగా చెప్పేస్తాను. హెక్సా అడ్రసు 400000ని స్ట్రింగ్‌గా తెచ్చి మామూలు సంఖ్యగా మార్చితే లువా దాన్ని నాలుగు లక్షలనుకుంటుంది, నిజానికది 41,94,304. మార్చేటప్పుడు 16 ఆధారమని చెప్పి తీరాలి. విండోస్ విస్టా నుంచి ప్రోగ్రాములను మెమరీలో చోటు మార్చి ఎక్కించే ఏర్పాటు వచ్చింది. దాన్ని వాడుకునే గేములో నిన్నటి అడ్రసు నేడు చెల్లకపోవచ్చు. అందుకే గేము ఫైలు ఎక్కిన చోటు అడిగి తెలుసుకుని, అక్కడి నుంచి మనకు కావలసిన చోటికి ఉన్న దూరాన్ని దానికి కలుపుకోవడమే పద్ధతి.

స్క్రిప్ట్ చెత్త చూపించినప్పుడు కోడ్‌ని పది రకాలుగా మార్చి చూడటం దండగ. ఆ అడ్రసు దగ్గరి మొదటి 24 బైట్లను హెక్సాలో పరచుకుని చూడండి. అది పేరో చిరునామానో, సున్నా ఎక్కడుందో, పొడవు ఎంత రాసుందో అక్కడే తెలిసిపోతుంది. ఆ బైట్లను కళ్లారా చదవగలిగినవాడికి మాడింగ్‌లో సగం పని అయిపోయినట్టే.