బొంత – కంథ: జీర్ణవస్త్ర సీవనమును గూర్చిన పరిశీలనము

గ్రంథసమీక్షలలోను, సిద్ధాంతవ్యాసముల పరీక్షలలోను మనము తరచుగా వాడు నిందావాక్యము ఒకటి కలదు: "ఇది అతుకుల బొంత." పలువురి మాటలను ఏరి తెచ్చి ఒకచోట చేర్చిన రచనను ఈ ఒక్క మాటతో తీసివేయుదుము. నేనును అట్లు తీసివేసినవాడనే. కొంతకాలము క్రిందట దివిసీమ పల్లెనుండి వచ్చిన ఒక విద్యార్థి వ్యాసముపై ఈ మాటయే వ్రాసితిని. అతడు వినయముతోనే ఇట్లడిగినాడు: "గురువుగారూ, బొంతకు అతుకులుండుట దోషమా? మా నాయనమ్మ కుట్టిన బొంత మా ఇంట ఇప్పటికిని ఉన్నది. ఒక్క అతుకును ఊడలేదు." అప్పుడు నాకు సమాధానము తోచలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానము.

లక్షణమును విచారించుటకు ముందు లక్ష్యమును చూచుట పండితమర్యాద. కృష్ణాడెల్టా గ్రామములలో బొంత యనగా, వాడి మెత్తబడిన నూలుబట్టలను పొరలుగా పరచి కుట్టిన పక్కబట్ట లేక కప్పుబట్ట. దూది నింపిన పరుపు దీనికంటె వేరు. అది దూదేకులవారి వృత్తి. దానికి దూది కొనవలెను, కూలి ఈయవలెను. బొంతకు పాతబట్టలు, సూది, దారము, తీరిక చాలును. కావున అది ప్రధానముగా ఇంటి స్త్రీల పని.

కుట్టు విధానమిది. అడుగున ఒక చీరను పరచుదురు. దానిపై చినిగిన పంచెలను, తువ్వాళ్లను, లంగాలను విప్పి చదునుగా వేయుదురు. బొత్తాములను, లావుపాటి కుట్లను ముందే తీసివేయుదురు. లేనిచో పండుకొన్నవారికి ఒత్తుకొనును. అన్నిటిపైన మరియొక చీర వచ్చును. పొరలు జరుగకుండ ఎడమెడముగా టాకాలు వేసి, అంచులను లోపలికి మడిచి, నాలుగువైపుల కుట్టుదురు. ఆ పిమ్మట అసలు కుట్టు మొదలగును. ఒక కొననుండి మరియొక కొనకు వరుసలుగానో, చదరములోపల చదరముగానో సూది క్రిందికి పైకి సాగుచుండును. వరుసలు మిక్కిలి దగ్గరైనచో బొంత బిరుసెక్కును. మిక్కిలి దూరమైనచో ఉతికినప్పుడు లోపలి గుడ్డలు ఉండకట్టును. ఈ రెంటి నడుమనున్న పాళమును చేతి అనుభవమే నిర్ణయించును.

ఏ బట్ట పనికివచ్చును అను విషయమునను ఒక వివేకము కలదు. పట్టుబట్ట సూదిక్రింద జారును. పాలియెస్టరు చెమటను పీల్చదు. కొత్త నూలుబట్టకంటె పలుమార్లు ఉతికిన నూలుబట్టయే మేలు. దానిలోని గంజి పోయి నూలు మెత్తబడి యుండును, ఇక కుంచించుకొనిపోదు. వస్త్రమునకు జీర్ణత ఇచట లోపము గాక యోగ్యత యగుచున్నది. కోతలు, నూర్పిళ్లు, తరువాత మినుము పనులు ముగిసిన వేసవిలో ఈ పనికి తీరిక దొరకును; ఉతికిన గుడ్డలు ఆరుటకు ఎండయు ఉండును. సంక్రాంతికి ఇంటిముంగిట నిలుచు గంగిరెద్దుపై కప్పిన రంగురంగుల బట్టయు బొంతయే. ఇంటింట ఇచ్చిన పాతబట్టలే దానికి అలంకారము.

ఇక పదవిచారము. సంస్కృతమున బొంతకు సమానమైన పదము కంథ. ఇందు ఒక జాగ్రత్త అవసరము. పాణిని కంథాశబ్దమును రెండవ అధ్యాయమున ఉశీనరదేశపు సంజ్ఞల విషయమునను, నాలుగవ అధ్యాయమున తద్ధితప్రత్యయవిధియందును గ్రహించినాడు. అచటిది స్థలనామములలో కనబడు పదము. దానిని చూచి పాణిని కాలమున బొంతలుండెనని వాదించుట పొరపాటు. కొన్ని కోశములలో ఆ పదమునకు గోడ అను అర్థమును కలదు. పేలికలతో కుట్టిన వస్త్రమను అర్థమున కంథ వైరాగ్యవాఙ్మయమునందు ప్రసిద్ధము. భర్తృహరి వైరాగ్యశతకమున నూరు ముక్కల కంథను వర్ణించినాడు. భజగోవిందస్తోత్రమున వీథిలో దొరకిన పేలికల కంథ కలదు. నీతిశతకమున కార్యార్థి ఒకప్పుడు కంథను, ఒకప్పుడు దివ్యాంబరమును ధరించునని చెప్పిన శ్లోకమును తెనిగించుచు ఏనుగు లక్ష్మణకవి కంథకు బొంత యనియే వాడినాడు. రెండు పదముల సమానార్థకత్వమునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు.

అమరసింహుడు మనుష్యవర్గమున జీర్ణవస్త్రమునకు పటచ్చరమనియు, పాతగుడ్డముక్కకు నక్తకము, కర్పటము అనియు పేర్లు చెప్పినాడు. ఈ కర్పటశబ్దమునుండియే హిందీలోని కపడా అను మాట వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పేలిక పేరే కాలక్రమమున బట్టలన్నిటికి పేరైనదన్నమాట! బట్ట కుట్టువానిని తున్నవాయుడు, సౌచికుడు అని శూద్రవర్గము చెప్పుచున్నది. కుట్టుటకు మూలమైన ధాతువు దివాదిగణములోని 'సివ్'. సీవ్యతి, స్యూతము, సీవనము దాని రూపములు. మనము ప్రతి వ్యాసమునను వాడు 'అనుస్యూతము' అను మాటయు దీనినుండి పుట్టినదే. వెంబడి కుట్టబడినది అని దాని మొదటి అర్థము. సర్వభూతములును పరమేశ్వరునియందు కూర్చబడియున్నవని చెప్పు గీతావాక్యమునకు శంకరభగవత్పాదులు భాష్యము వ్రాయుచు ఈ పదమునే గ్రహించిరి. అఖండత్వమును చెప్పుటకు వేదాంతికి దొరకిన మాట కుట్టుపనినుండి వచ్చినది.

తెలుగున ఈ పదసంపద ఇంకను విస్తృతము. చినిగిన ముక్క పేలిక, చినుగుపై వేసినది మాసిక, రెంటిని కలిపినచోటు అతుకు, లావుసూది దబ్బనము, వంటింట కుండ దించు గుడ్డ మసిగుడ్డ, తలపై బరువునకు ఆధారముగా చుట్టినది చుట్టకుదురు, పసిబిడ్డను చుట్టు మెత్తని పాతబట్ట పొత్తి. 'పొత్తిళ్లలో బిడ్డ' అను పలుకుబడిలో ఈ చివరి మాట నేటికిని నిలిచియున్నది. ఒకే చీర కట్టుబట్టయై, ఉయ్యాలయై, బొంతలో పొరయై, తుదకు మసిగుడ్డయై ముగియును. ఆయా దశకు ఆయా పేరు కలదు.

ఇచట ఒక పూర్వపక్షము. విభవముండగా స్నాతకుడు జీర్ణమైన, మలినమైన వస్త్రమును ధరింపరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయము చెప్పుచున్నది. ఇతరులు ధరించిన బట్టను కట్టరాదనియు అచటనే కలదు. అట్లయిన పాతబట్టల బొంత శిష్టులకు గ్రాహ్యమా? సమాధానము. మొదటి నిషేధము 'విభవముండగా' అను నియమముతో కూడినది. రెండును వస్త్రధారణమును గూర్చినవి; బొంత ఆస్తరణము, ప్రావరణము. కట్టుకొనుబట్టకు చెప్పిన నియమమును పరచుకొనుబట్టకు తెచ్చుట అతివ్యాప్తి. పైగా శిష్టుల ఇండ్లలోనే పసిబిడ్డకు మొదటి పక్క అమ్మమ్మ చీరతో కుట్టిన బొంత. ఆచారమే ఇచట శాస్త్రార్థమును తేటపరచుచున్నది.

పాతబట్టలను గూర్చి మిక్కిలి శ్రద్ధతో విచారించినది బౌద్ధవినయము. ఘంటసాల, భట్టిప్రోలు స్తూపములు వెలసిన మన డెల్టావాసులకు ఆ వాఙ్మయము దూరమైనది కాదు. మహావగ్గములోని చీవరఖంధకమున ఒక వృత్తాంతము కలదు. బుద్ధుడు దక్షిణాగిరికి పోవుచు మగధలోని పొలములను చూచినాడు. అవి చదరములుగా, వరుసలుగా, గట్లుగా, గట్లు కలియు కూడళ్లుగా ఉండెను. భిక్షువుల చీవరములను ఆ విధముగా కుట్టగలవా యని ఆనందుని అడిగినాడు. ఆనందుడు గుడ్డముక్కలను అట్లే కూర్చి చూపినాడు. కోసి కుట్టిన బట్ట శ్రమణునకు తగినదనియు, దొంగలు దానిని కోరరనియు బుద్ధుడు మెచ్చుకొన్నాడు. ముక్కలకు, పొడవు కుట్లకు, అడ్డుకుట్లకు వేరువేరు పేర్లును ఆ గ్రంథమున చెప్పబడినవి. వరిమడుల గట్లు ఎట్టివో ఎరిగిన మన విద్యార్థికి ఈ ఉపమానమును వివరింప పనిలేదు. ఊరిబయట నిలిచి చూచిన చాలును. చీవరము యాదృచ్ఛికముగా అతికిన ముక్కల పోగు కాదు, పొలమువలె కొలిచి విభజించిన రచన యని దీనివలన తేలుచున్నది.

చుల్లవగ్గమున మరియొక కథ కలదు. సంస్కృతనాటకములద్వారా మనకు పరిచితుడైన కౌశాంబి ప్రభువు ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు 500 ఉత్తరీయములు ఇచ్చిరి. ఇన్ని బట్టలేమి చేయుదురని రాజు ప్రశ్నించినాడు. చీవరములు చినిగినవారికి పంచుదుమని ఆనందుడు చెప్పినాడు. ఆ పాత చీవరములేమగునని రాజు మరల అడిగినాడు. అవి పక్కపై పరచుబట్టలగును. అవి చినిగిన పరుపుల ముసుగులగును. పిదప నేలపై పరచు గుడ్డలు, పిదప కాళ్లు తుడుచు గుడ్డలు, పిదప దుమ్ము దులుపు గుడ్డలు. తుదకు వానిని దంచి మట్టిలో కలిపి నేలకు మెత్తుదుము అని ఉత్తరము. రాజు సంతసించి మరి 500 బట్టలను ఇచ్చినాడు. ఏ ముక్కయు వ్యర్థము కాని ఈ క్రమమును మన ఇండ్లలోని చీర జీవితముతో పోల్చి చూడుడు. మట్టిలో కలియుట తప్ప తక్కినదంతయు మన తల్లులు చేసినదే.

వైదికవాఙ్మయమునను సూది కలదు. ఋగ్వేదము రెండవ మండలమున పూర్ణిమాధిదేవత యగు రాకను గూర్చిన ప్రార్థనలో, ఆమె తెగని సూదితో తన పనిని కుట్టవలెననియు, వీరుడైన కుమారుని ఈయవలెననియు వేడుకొనుట కలదు. ఆపస్తంబులు ఆ మంత్రమును సీమంతోన్నయనమున వినియోగింతురు. గర్భిణి యొద్ద పురోహితుడు కుట్టుపని మంత్రమును చదువుచుండగా, అదే ఇంటి లోపల అమ్మమ్మ తన చీరతో రాబోవు బిడ్డకు బొంత కుట్టుచుండును. నేను ఎన్నో సీమంతములలో ఆ మంత్రమును చెప్పితిని. లోపలి సూదిని చూడలేదు.

పాఠశాలలో చేరుటకు ఇల్లు విడిచిననాడు మా అమ్మ నాకొక బొంత ఇచ్చినది. అందు మా నాయనమ్మ చీర ఒకటి, మా నాన్నగారి పంచెలు రెండు ఉండెను. ఎనిమిదేండ్లు దానిపై పండుకొని ధాతురూపములను వల్లించితిని. బొంత అంచున వేసిన కుట్టునకు మా అమ్మ ఒక పేరు చెప్పెడిది. లకారములన్నిటిలో 'సివ్' రూపములు నాకు ఇప్పటికిని కంఠస్థములే. అమ్మ చెప్పిన ఆ ఒక్క మాట మాత్రము జారిపోయినది. ఇప్పుడు అడుగుదునన్న ఆమె లేదు.

వంగదేశపు కాంథాకు ఇట్టి గతి పట్టలేదు. జసీముద్దీన్ 1929లో దానిని తన కావ్యమునకు వస్తువు చేసినాడు. గురుసదయ దత్తు పల్లెలు తిరిగి కాంథాలను సేకరించినాడు. స్టెల్లా క్రామ్రిష్ వానిపై పరిశోధనవ్యాసము వ్రాసినది. వానిపైనున్న బొమ్మలు కళాభిజ్ఞులను ఆకర్షించినవి. మన బొంతలో చిత్రశోభ ప్రధానము కాదు, ఉపయోగమే ప్రధానము. కావున చూపు దానిపై నిలువదు. చేనేతపదములకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1971లో మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది. కాని బొంత కుట్టుట చాల ఇండ్లలో వృత్తి కాదు, ఇంటిపని. వృత్తిపదముల వలకు అది చిక్కుట కష్టము. నూలుచీరలు తగ్గి, కొన్న దుప్పట్లు పెరిగినకొలది పనితోపాటు పదములును పోవుచున్నవి.

ఓరియంటల్ కళాశాలల ఉపాధ్యాయులకు నా విన్నపమొకటే. వేసవిసెలవులలో ప్రతి విద్యార్థిని తన ఇంటి పెద్దామెయొద్ద కూర్చుండి, బొంత కుట్టుటకు సంబంధించిన మాటలను ఆమె పలికినట్లే వ్రాసి తెమ్మనుడు. కుట్టు పేరు, అది వేయు తీరు, ఊరి పేరు ఉన్న చాలును. ఇందుకు ధనము అక్కరలేదు. ఆలస్యము మాత్రము కూడదు.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము. అతుకు దోషము కాదు. భిన్నములైన ముక్కలను కొలత యెరిగి పరచి, అన్నిటిగుండ ఒకే దారమును నడిపినది బొంత, అది అనుస్యూతము. దారము లేక కుప్పవేసినవి పేలికలు. అతని వ్యాసమున ముక్కలుండెను, కుట్టు లేకుండెను. నేను "ఇవి పేలికలు, ఇంకను బొంత కాలేదు" అని వ్రాయవలసినది. తొందరపాటున, చేతకానిదానికి చేతనైనదాని పేరు పెట్టితిని.

అలమతివిస్తరేణ.