పేకముక్క పారేసే ముందు లెక్క చూడాలి

భీమడోలు: సంక్రాంతి వచ్చిందంటే కొల్లేటి లంకల నుంచి మెట్ట ఊళ్ళ దాకా అరుగుల మీద, చెట్ల కింద చతుర్ముఖ పారాయణం మొదలవుతుంది. ఓడినవాడు ముక్కలు పడలేదంటాడు. గెలిచినవాడు అంతా తన తెలివేనంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. పంచినప్పుడు వచ్చే 13 ముక్కలు అదృష్టం. వాటిలో ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేల్చుకోవడం ఆటగాడి పని.

ఏ జత విరవాలి?

రెండు పేకల రమ్మీలో ప్రతి ముక్కా రెండేసి ఉంటుంది. చేతిలో ఇస్పేటు 5, 6 ఉన్నాయి. ఆఠీను 9, జాకీ ఉన్నాయి. జోకరు లేని వరుస ఇంకా పడలేదు. ఒక జతను విరవక తప్పదు. ఇస్పేటుకు 4 వచ్చినా 7 వచ్చినా చాలు. అంటే పనికొచ్చే ముక్కలు నాలుగు. ఆఠీనుకు 10 ఒక్కటే కావాలి. ఉన్నవి రెండే. కనుక జాకీని వదలడం మేలు. పది పాయింట్ల బరువు కూడా తగ్గుతుంది.

కింద పడిన ముక్కలు చూస్తే మాత్రం ఈ లెక్క తిరగబడవచ్చు. ఇస్పేటు 4లు రెండూ, 7 ఒకటీ పడిపోయి ఉంటే మిగిలింది ఒక్క ముక్క. ఆఠీను 10 ఒక్కటీ పడకపోతే ఇంకా రెండున్నాయి. అప్పుడు ఆఠీను జతే ఉంచుకోవాలి. ఎదుటివాడు ఇస్పేటు 8 ఎత్తుకున్నాడంటే ఆ మిగిలిన 7 అతని దగ్గరే ఉండవచ్చు. మనం 6 వేస్తే అతనికి పనికిరావచ్చు. ముందు 5 వదలడం కొంత నయం.

బ్రిడ్జిలోనూ ఇదే సూత్రం. కనపడని రాణి ఎవరి చేతిలో ఉందో, పడిన ముక్కల్ని బట్టీ ఎదుటివారు పాడిన పాటను బట్టీ ఊహించి ఆడాలి.

డ్రాపూ ఆటలో భాగమే

101 ఆటలో మొదట్లోనే డ్రాపయితే 20 పాయింట్లు. మధ్యలో అయితే 40. వరుస పడకుండా దొరికిపోతే 80 దాకా. నాలుగుసార్లు మొదట్లోనే తప్పుకుంటే పోయేదెంతో, ఒక్కసారి ఫుల్‌కౌంటు ఇస్తే పోయేదీ అంతే. చెడ్డ ముక్కలతో ‘చూద్దాంలే’ అని కూర్చున్నవాడే ముందుగా లేస్తాడు.

సుప్రీంకోర్టు మాట

సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటగా తేల్చింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలనీ, ఉంచడంలో, పారేయడంలో నేర్పు కావాలనీ, ఇందులోని అదృష్టం బ్రిడ్జి పంపకంలో ఉన్నపాటిదేననీ చెప్పింది. మూడు ముక్కలాటను కేవలం అదృష్టం కింద జమకట్టింది. పందెపు ఆటపై నిర్వాహకులు లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకరులను నిషేధించింది. డబ్బు పందెంతో సాగే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

ఎంత నేర్పరికైనా వరసగా పది చేతులు చెడ్డవి రావచ్చు. ధాన్యం సొమ్మో, చెరువు కౌలు సొమ్మో ముందు పెట్టుకు కూర్చున్నవాడికి ఆ పది చేతులే చాలు. కాగితం మీద పాయింట్లు వేసుకుని ఆడినా నేర్పు తేలుతుంది. ఇంట్లో గొడవా ఉండదు.