ఒక రోగి దారికి ఐదు ఫోన్ నంబర్లు

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తెల్లారేసరికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తలలు విరిగి, జీడిచెట్లు వేళ్లతో సహా కూలి ఉన్నాయి. వాటి కింద దారులు, వాటి మీద కరెంటు తీగలు. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఆ రోజులను వేరేగా లెక్కపెట్టాలి. ఒక డయాలసిస్‌కు సుమారు 4 గంటలు పడుతుంది. మిషన్‌లో నిమిషానికి అర లీటరు ద్రావణం పారుతుంది. మొత్తం 120 లీటర్లు. ఆ నీటిని శుద్ధి చేసే ప్లాంటుకు కరెంటు కావాలి. అది పోతే జనరేటర్‌కు డీజిల్ కావాలి, డీజిల్ రావడానికి రోడ్డు కావాలి. వారానికి రెండు మూడుసార్లు రక్తం శుద్ధి కావాల్సిన మనిషి వాయిదా వేసుకోలేడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ కవిటి నుంచో వజ్రపుకొత్తూరు నుంచో రోగి అక్కడిదాకా చేరాలి కదా!

హైవే మీద చెట్టు పడితే ఫోన్ చేయాల్సింది 1033కు. తీగ తెగితే 1912. అంబులెన్సుకు 108. అగ్నిమాపక సిబ్బందికి 101. కలెక్టరేట్ కంట్రోల్ రూముకు 1077. చెట్టు మీద తీగ ఉంటే రంపం పెట్టడానికి భయం. దారికి అడ్డంగా చెట్టు ఉంటే లైన్‌మన్ రాలేడు. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తుంటే పూట గడిచిపోతుంది. లైన్‌మన్, రంపం మనిషి ఒకే బండిలో బయల్దేరాలి. ముందు ఏ దారి తెరవాలో డయాలసిస్ రోగుల జాబితాయే చెప్పాలి. ఏ శాఖ మనుషులనైనా, బండ్లనైనా వాడుకునే అధికారం 2005 విపత్తు నిర్వహణ చట్టం 34వ సెక్షన్ జిల్లా యంత్రాంగానికి ఇచ్చింది.

దారిని మూసేది చెట్లే కాదు, వరద కూడా. అది కొండల వైపు నుంచి వస్తుంది. వంశధార, మహేంద్రతనయ, బాహుదా మూడూ ఒడిశాలో పుట్టే నదులే. అక్కడి వాన లెక్క ఇక్కడి కంట్రోల్ రూముకు గంట గంటకూ చేరాలి.

తిత్లీకి ముందు ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న వచ్చింది, హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న. మూడూ అక్టోబరులోనే. అందుకే మీ ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే, పేరు, ఊరు, వెళ్లాల్సిన రోజులు సెప్టెంబరులోపే గ్రామ సచివాలయంలో రాయించండి.