అంటార్కిటిక్ ఫర్ సీళ్ల ఆహార క్షేత్రాలు: పాలిచ్చే కాలం, తదనంతర కాలం

సముద్ర జీవి ఎక్కడ మేస్తుందనేది ఆహార లభ్యతపైనే కాక, సంతాన పోషణపై కూడా ఆధారపడుతుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో సంతానోత్పత్తి జరిపే అంటార్కిటిక్ ఫర్ సీళ్లు ఇందుకు నిదర్శనం.

ఆడ సీల్ ఈనిన వారం రోజుల వరకు పిల్లను విడిచి వెళ్లదు. ఆపై రొయ్యను పోలిన క్రిల్ కోసం సముద్రంలోకి వెళుతుంది. ఒడ్డున పిల్ల ఆకలితో ఎదురుచూస్తుంది గనుక కొద్ది రోజులలోనే తిరిగి రావాలి. అందువల్ల దాని వేట ప్రధానంగా దీవి పరిసర జలాలకే పరిమితమవుతుంది. అక్కడ క్రిల్ కొరవడిన ఏడాది వేట యాత్రలు దీర్ఘమై, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది.

సుమారు నాలుగు నెలలకు పిల్ల పాలు మానగానే ఈ కట్టుబాటు తొలగుతుంది. శీతకాలంలో తల్లులు సుదూర జలాలకు విస్తరిస్తాయి. కాబట్టి దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని మాత్రమే సంరక్షిస్తే, ఈ జీవికి ఏడాదిలో కొంత కాలానికే రక్షణ లభిస్తుంది.