రోలరులోనికి తేమ ఎట్లు చేరును?

కార్తికము వెళ్ళి మార్గశిరము వచ్చుసరికి కృష్ణా పశ్చిమ డెల్టాలో మాసూళ్ళు సాగుచుండును. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల మిల్లులకు కొత్త ధాన్యము చేరును. కొన్ని నెలలుగా ఆగియున్న బెల్టు కన్వేయరును ఆనాడు నడపబోగా ఒక రోలరు కీచుమని అరచును. మరియొకటి అసలే తిరుగదు. “నిరుడు బాగుగనే తిరిగినదే! వాడకుండగనే ఎట్లు చెడినది?” అని మేస్త్రీని అడుగుదురు. నిజమునకు అది వాడకుండుటచేతనే చెడినది.

రోలరు చూచుటకు ఒట్టి ఇనుప గొట్టము. దాని నడుమ కదలని ఇరుసు, రెండు చివరల బాల్ బేరింగులు ఉండును. బెల్టు సాగునపుడు గొట్టము తిరుగును, ఇరుసు తిరుగదు. బేరింగులోని గుండ్లకును, అవి దొర్లు గాడికిని నడుమ గ్రీజులోని నూనె ఒక పలుచని పొరగా నిలిచి ఉక్కును ఉక్కు తాకకుండ కాచును. తలవెండ్రుకకంటె ఎన్నో పదుల రెట్లు పలుచనైన ఆ పొరలోనే రోలరు ప్రాణమున్నది.

తేమ అచటికి చేరు దారి చిత్రమైనది. వాన సూటిగా లోనికి పోవుట కొంత మాత్రమే. ఎక్కువగా దానిని మోసికొని వచ్చునది గాలి. ఎండకును, తిరుగుడుకును రోలరు 30 డిగ్రీల సెంటిగ్రేడునుండి 50 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. లోపలి గాలి వ్యాకోచించి, అందు సుమారు పదునైదవ వంతు సీలు సందులగుండ వెలుపలికి పోవును. రాత్రి చల్లబడగానే అంత గాలియు మరల లోనికి వచ్చును; కాని ఈమారు వచ్చునది తేమగాలి. చన్నీటి చెంబునకు చెమటపట్టినట్లు, చల్లబడిన ఉక్కుపై ఆ తేమ బిందువులై నిలుచును. రోలరు దినమున కొకసారి ఊపిరి పీల్చుచున్నదన్నమాట! తిరుగుచున్న రోలరులో ఆ నీరు చెదరి, వేడికి కొంత ఆవిరియగును. ఆగినదానిలో గుండు గాడిని తాకిన చోటనే నిలిచి తుప్పు పుట్టించును. విప్పి చూచినచో గుండ్ల వరుసకు సరిగా గాడిపై మచ్చలు కనబడును. వానిపై గుండ్లు దొర్లినకొద్ది ఉక్కు పెళ్ళలుగా లేచును.

నీరు కొంచెమే గదా యని తలంపరాదు. 1977లో కాంట్లీ అను పరిశోధకుడు ప్రకటించిన సూత్రము ప్రకారము, బేరింగు నూనెలో నీరు పదివేలలో ఒక పాలునుండి నాలుగు పాళ్ళకు పెరిగినచో బేరింగు ఆయుష్షు సగముకంటె తక్కువకు పడిపోవును.

రేపల్లె, బాపట్ల వైపు సముద్రపు గాలిలో ఉప్పు రేణువులు కూడ నుండును. వానకాలమున ఉప్పుజాడీ చెమర్చుట ప్రతి ఇల్లాలును ఎరుగును. సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 దాటినచో శుద్ధమైన ఉప్పే కరగును. సముద్రపుటుప్పు, అందలి మెగ్నీషియము లవణములచే, అంతకు ముందే చెమర్చును. కనుక వాన లేని నాడును ఇనుము తడిసియుండవచ్చును. ఉప్పునీటిలో తుప్పు మరింత వేగముగ సాగును.

దీనికి మిల్లు దుమ్ము తోడగును. ఊకను కాల్చగా దాని బరువులో సుమారు ఐదవ వంతు బూడిద మిగులును. అందు నూటికి 90 పాళ్ళవరకు ఇసుకలోనుండు సిలికాయే. తడిసిన ఊకదుమ్ము సీలునకు అంటుకొని, దానిని అరగదీసి, నీటికి దారి చేయును. గ్రీజులో కలిసినచో అది సానపొడియే.

మంచి రోలరు చివర సీలు పద్మవ్యూహమువలె మెలికలు తిరిగిన సన్నని దారి. ఆ దారిని గ్రీజుతో పూర్తిగా నింపవలెను. బేరింగును మాత్రము సగమునకు మించి నింపరాదు, నింపినచో వేడెక్కును. గ్రీజు ఎంత కూరిన అంత మేలను నమ్మకము మనలో గట్టిగా నాటుకొనియున్నది! సోడా సబ్బుతో చేసిన గ్రీజు నీటిలో కరగిపోవును. లిథియము గ్రీజు నీటికి ఓర్చుకొనును. నేడు పెక్కు రోలరులు గ్రీజుతో మూసియే వచ్చును, మరల పెట్టు వీలుండదు. అట్టివానికి కొనునాడే సీలు పరీక్షింపవలెను.

గొట్టముతో నీళ్ళు చిమ్మి కన్వేయరు కడుగుట చూచువారికి ముచ్చటగా నుండును గాని, ఆ జోరునకు నీరు సీలును దాటిపోవును. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపి గుడ్డతో తుడుచుట మేలు. మిల్లు ఆగిన నెలలలో వారమున కొకసారి బెల్టును కొంతసేపు ఉత్తగా నడపినచో గుండ్లు చోటు మారి, గ్రీజు మరల పొరగా పరచుకొనును. విడి రోలరులను నేలపై పడవేయక, కప్పు క్రింద చెక్కలపై పేర్చవలెను.

బిగుసుకొన్న రోలరును అట్లే వదలినచో బెల్టు దానిపై ఒరసికొనుచు పోవును. గొట్టము ఒకవైపే అరగి కత్తివలె పదునై బెల్టును కోయును. ఒరపిడి వేడికి చుట్టునున్న ఊకదుమ్ము అంటుకొనవచ్చును. అందుచే మాసూళ్ళకు ముందే, మెయిన్ స్విచ్చి తీసి, ఇతరులు వేయకుండ తాళమువేసి, బెల్టును ఎత్తిపట్టి ఒక్కొక్క రోలరును చేతితో త్రిప్పి చూడవలెను. గరగరలాడినదానిని ఆనాడే మార్చవలెను.